నోటినుండి వెలువడు హరివిల్లు

గారడివాడు తెల్లకాగితమును చింపి, ముక్కలను ఒక్కొక్కటిగా నోట వేసికొని నమలును. పిల్లలు నవ్వుదురు. మఱుక్షణమున వాని పెదవుల నడుమనుండి ఎఱ్ఱని కాగితపు పట్టీ కొస తొంగిచూచును. వాడు రెండు చేతులతో లాగుచుండగా ఎఱుపు పసుపగును; పసుపు పచ్చయగును; పచ్చ నీలమగును. మూరెడు, బారెడు, అయిదాఱు బారలు! పాదములకడ రంగుల రాశి పేరుకొనును. ఇంత కాగితము వీని కడుపులో నెట్లు పట్టినదని విస్తుపోవువారిలో పిల్లలతోపాటు పెద్దలును ఉందురు.

కడుపులో నేమియు లేదు. పలుచని రంగుకాగితములను సన్నని పట్టీలుగా కత్తిరించి, కొసకు కొస అంటించి, బిగుతుగా చుట్టిన చిన్న చుట్ట యొకటి అఱచేతిలో దాగియుండును. మూతి తుడుచుకొను నెపమున అది నోటిలోనికి పోవును. నమిలిన ముద్ద చేతిలోనికి వచ్చును. పట్టీని వెలుపలి కొసనుండి గాక, చుట్ట నడిమి కొసనుండి లాగుదురు. అందువలన చుట్ట గిరగిర తిరుగదు, పట్టీ చిక్కుపడదు.

మఱి అంత పొడవు మాట యేమి? అది గణితము చెప్పవలసిన రహస్యము. చుట్ట అడ్డుకొలత 2.5 సెంటీమీటర్లు, కాగితపు మందము 0.03 మిల్లీమీటరు అనుకొన్నచో, చుట్ట ముఖవైశాల్యము సుమారు 491 చదరపు మిల్లీమీటర్లు. దానిని మందముచే భాగింపగా 16 మీటర్లకు మించిన పొడవు వచ్చును. పొరల నడుమనున్న సందులకును, నడిమి రంధ్రమునకును కొంత తీసివేసినను పది మీటర్లు మిగులక మానదు. మూడంతస్తుల మేడమీదినుండి జాఱవిడిచిన నేలను తాకునంతటి పట్టీ, పిడికిట ఇముడునన్న మాట!

ఈ విద్య నేటిది కాదు. ఇంగ్లండులో కెంటు మండలమునకు చెందిన రెజినాల్డ్ స్కాట్ 1584లో ప్రకటించిన 'డిస్కవరీ ఆఫ్ విచ్‌క్రాఫ్ట్' అను గ్రంథమున దీనికి సోదరవిద్య యొకటి వర్ణితమై యున్నది. నాటి గారడివారు కాగితమునకు మాఱుగా నాడాలు లాగెడివారు. గజమున కొక ముడివేసి యుంచి, ఆ ముడి పంటికి తగిలినంతనే కత్తిరించి, కన్నెపిల్లలకు గజముల లెక్కన అమ్ముకొనెడివారు. ఒక ఉండ అయిపోవుచుండగా మఱియొక ఉండ నోట చేరుచుండెడిది.

ఇట్టి వినోదమునకు అంతటి గ్రంథమున చోటేల కలిగెను? ఆ కాలమున ఐరోపాలో మంత్రగత్తెలను నెపమున ఎందఱో స్త్రీలను చంపుచుండిరి. నిందపడినవారిలో పలువురు ముసలివారు, బీదవారు, దిక్కులేనివారు. వారియందు అట్టి శక్తు లేవియు లేవని వాదించుటకే స్కాట్ కలము పట్టెను. జనులు భయపడు వింతలు చేతినేర్పున సాధ్యములని చూపుటకై గారడీ గుట్టు విప్పెను. మంత్రవిద్యను నేరముగా నెంచుట మాని, అట్టి శక్తి కలదని బొంకువారిని శిక్షించు చట్టము బ్రిటనులో 1735లో గాని రాలేదు. నడుమ గడచినవి 151 సంవత్సరములు.

ఇది దూరదేశపు పాతకథ యని త్రోసివేయరాదు. తెలంగాణ పల్లెలలో బాణామతి, చేతబడి యను అనుమానముతో మనుష్యులను చంపిన సంఘటనలు ఈ కాలమునను జరిగినవి. పశువు చచ్చినను, పసిబిడ్డకు జ్వరము తగిలినను, కారణమును వెదకుటకు ముందే మనుష్యుని వెదకుట ఆ అనుమానపు స్వభావము.

కావున రంగుకాగితపు చుట్టకు తరగతిగదిలో చోటు కలదు. ఉపాధ్యాయుడు మొదట వింత చూపవచ్చును; పిదప లెక్క చేయింపవచ్చును; చివరకు చుట్టను విద్యార్థి చేతికే ఈయవచ్చును. పిల్లలు మాత్రము దానిని నోట పెట్టుకొనరాదు. గొంతున అడ్డుపడు ప్రమాదము కలదు. పిడికిటినుండి లాగినను వింత వింతయే. గుట్టు తెలిసినంతమాత్రమున ఆనందము తఱుగదు. కన్ను సంతోషించిన పిదప బుద్ధి సంతోషించును.

తన పిడికిటినుండి హరివిల్లు సాగుట చూచిన బాలుడు, రేపు ఎవరైన మహిమ యని విభూతి రాల్చినపుడు ముందుగా వాని అఱచేతివైపు చూచును. పొరుగింటి ముసలమ్మవైపు గుంపు వ్రేలు చూపిన నాడు, ఆ గుంపులో చేరుటకు ముందు ఒక్కక్షణము ఆగును. ఆ ఒక్కక్షణము ఒక ప్రాణమును నిలుపవచ్చును.