పెళ్లి వీడియోల డిస్క్: రూటర్‌కు తగిలించే ముందు

యూఎస్‌బీ హార్డ్‌డిస్క్‌ను వైఫై రూటర్ వెనకున్న పోర్టుకు తగిలిస్తే, ఆ వైఫైలో ఉన్న కంప్యూటర్లూ ఫోన్లూ అన్నీ అందులోని ఫైళ్లను వాడుకోగలవు. త్రిపురాంతకం, మార్కాపురం, గిద్దలూరు వైపు పెళ్లిళ్లు తీసే ఫొటో స్టూడియోలకు ఇది చాలా అక్కరకొచ్చే ఏర్పాటు. ఒకరు ఆల్బమ్ పని చూస్తుంటే మరొకరు అదే డిస్క్‌లోని వీడియో చూసుకోవచ్చు. అన్ని రూటర్లకూ ఈ సౌకర్యం ఉండదు. ఉన్నా, అది ఏ ఫార్మాట్ చదవగలదో ముందే చూసుకోవాలి.

ఫార్మాట్ అంటే డిస్క్ మీద ఫైళ్లను ఏ పద్ధతిలో సర్దాలో నిర్ణయించడం. 1996 నాటి ఫ్యాట్32ను దాదాపు ప్రతి పరికరమూ చదువుతుంది కానీ, అందులో ఏ ఫైలూ 4 జీబీకి మించకూడదు. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తలంబ్రాల ఘట్టాన్ని 4కెలో తీస్తే, ఆరు నిమిషాలు తిరగకుండానే ఆ హద్దు దాటిపోతుంది. డిస్క్‌లో ఎంత ఖాళీ ఉన్నా ఆ ఫైలు ఎక్కదు. 2006లో వచ్చిన ఎక్స్‌ఫ్యాట్‌కు ఈ ఇబ్బంది లేదు, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ పనిచేస్తుంది. కానీ దానికి జర్నల్ లేదు.

జర్నల్ అంటే, దుకాణంలో చిట్టా రాశాకే ఆవర్జాకెక్కించినట్టు, చేయబోయే మార్పును డిస్క్ ముందుగా రాసుకోవడం. కరెంటు ఠక్కున పోయినా ఆ రాత చూసి ఫైళ్ల జాబితాను సరిచేసుకుంటుంది. సగంలో ఉన్న కాపీ మాత్రం దక్కకపోవచ్చు. గాలివానకు కరెంటు పోయే ఊళ్లలో జర్నల్ ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్ మేలు. డిస్క్ ఎప్పటికీ రూటర్‌కే ఉండేట్టయితే లినక్స్ వారి ఈఎక్స్‌టీ4 ఇంకా మంచిది. అయితే విండోస్ దాన్ని నేరుగా చదవదు.

పాత ఫైళ్లు వేరేచోటికి కాపీ చేశాకే ఫార్మాట్ మొదలుపెట్టాలి. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, సైజు చూసి సరైన డిస్క్‌నే ఎంచుకోవాలి. 2 టీబీ దాటిన డిస్క్‌కు జీపీటీ అనే విభజన (పార్టిషన్) పద్ధతి తప్పనిసరి. క్విక్ ఫార్మాట్ మార్కాపురం పలకను తుడిచినట్టు కాదు: జాబితా పోతుంది, హార్డ్‌డిస్క్‌లో పాత రాత అడుగున మిగిలే ఉంటుంది. అమ్మేసే డిస్క్‌కు ఫుల్ ఫార్మాటే చేయాలి.

చిన్న డిస్క్ పోర్టు నుంచే కరెంటు తీసుకుంటుంది. యూఎస్‌బీ 2.0 ప్రమాణం ఇచ్చేది 500 మిల్లీయాంపియర్లే. డిస్క్ టిక్ టిక్‌మంటూ మాయమవుతుంటే సొంత అడాప్టర్ ఉన్న హబ్ కావాలి. రూటర్‌నూ డిస్క్‌నూ ఒకే ఇన్వర్టర్‌పై ఉంచాలి.

ఆ తర్వాత రూటర్ పేజీలో షేరింగ్ ఆన్ చేసి పాస్‌వర్డ్ పెట్టాలి. 2017లో వానాక్రై వైరస్ పాకింది, ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి ఎస్‌ఎంబీ1 దారినే. ఆ పాత పద్ధతి తప్ప మరోటి తెలియని రూటర్‌కు డిస్క్ అప్పగించకూడదు.

తాళి కట్టిన క్షణాన్ని మళ్లీ తీయలేరు కాబట్టి రెండో కాపీ వేరే డిస్క్‌లో, వేరే ఇంట్లో ఉండాలి. రూటర్‌కున్న డిస్క్‌ను తీసేటప్పుడు ముందు రూటర్ పేజీలో రిమూవ్ నొక్కి, డిస్క్ తిరగడం ఆగాకే వైరు లాగాలి.