ల్యాప్‌టాప్‌లలో లినక్స్ వినియోగం: హార్డ్‌వేర్ అనుకూలత - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: ల్యాప్‌టాప్‌లో లినక్స్ సక్రమంగా పనిచేయడం అదృష్టంపై కాక, అందులోని ఒక్కొక్క చిప్‌కు లభించే డ్రైవర్, ఫర్మ్‌వేర్‌లపై ఆధారపడి ఉంటుంది. సాంకేతిక సహాయం సులభంగా అందని ప్రాంతాల పరిశోధకులు స్థాపనకు ముందే ఈ అనుకూలతను ఎలా నిర్ధారించుకోవచ్చో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: లినక్స్, హార్డ్‌వేర్, డ్రైవర్, ఫర్మ్‌వేర్, పరిశోధన.

1. ఉపోద్ఘాతం:
2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ అందిస్తున్న సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 భద్రతా సౌకర్యంతోపాటు, ఆ సంస్థ ఆమోదించిన ప్రాసెసరు కూడా ఉండాలి. అందువల్ల చక్కగా పనిచేస్తున్న అనేక ల్యాప్‌టాప్‌లు కొత్త వ్యవస్థకు అర్హత కోల్పోయాయి. సిద్ధాంతగ్రంథ రచన మధ్యలో ఉన్న పరిశోధకునికి కొత్త యంత్రం కొనడం భారమే. ఉచితంగా లభించే లినక్స్ ఇక్కడ ఒక ప్రత్యామ్నాయం. అయితే కామారెడ్డి జిల్లా బాన్సువాడ ప్రాంతంలోని నస్రుల్లాబాద్ వంటి చోట పనిచేసుకునేవారికి ఒక చిక్కు ఉంది. స్థాపన తరువాత వై-ఫై పనిచేయకపోతే, దాన్ని సరిదిద్దడానికి కావలసిన ఇంటర్నెట్టే అందకుండా పోతుంది.

2. భాషా సౌలభ్యం - యంత్ర సౌలభ్యం:
తెలుగులో లినక్స్‌ను అందించే కృషి కొత్తది కాదు. హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న 'స్వేచ్ఛ' సంస్థ తెలుగు గ్నూ/లినక్స్ పంపిణీని రూపొందించింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ రూపొందించిన 'బాస్' లినక్స్‌లోనూ భారతీయ భాషలకు స్థానం ఉంది. మెనూలను, సందేశాలను తెలుగులోకి తేవడం తెలుగువారి చేతిలోని పని. యంత్రభాగాల విషయం అలా కాదు. చిప్ తయారీదారు సాంకేతిక వివరాలను వెల్లడించకపోతే, స్వచ్ఛంద రచయితలు దాని ప్రవర్తనను గమనించి డ్రైవర్‌ను ఊహించి రాయవలసి వస్తుంది.

3. డ్రైవర్, ఫర్మ్‌వేర్:
ఆపరేటింగ్ సిస్టమ్‌కూ యంత్రభాగానికీ మధ్య దుబాసీ వంటిది డ్రైవర్. 1991లో లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ కెర్నల్‌లోనే అత్యధిక డ్రైవర్లు అంతర్భాగంగా ఉంటాయి. కాబట్టి కొన్నేళ్ల కిందటి ల్యాప్‌టాప్‌కు సాధారణంగా మద్దతు సిద్ధంగా ఉంటుంది. నిన్న విడుదలైన యంత్రాన్ని పాత కెర్నల్ గుర్తించకపోవచ్చు.

ఫర్మ్‌వేర్ చిప్ లోపల నడిచే ప్రోగ్రాము. పలు వై-ఫై చిప్‌లకు దీన్ని ఆపరేటింగ్ సిస్టమే అందించాలి. దీని మూలసంకేతాన్ని తయారీదారులు తరచుగా బయటపెట్టరు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సూత్రానికి కట్టుబడిన డెబియన్ దీన్ని చాలాకాలం తన అధికారిక స్థాపన మాధ్యమంలో చేర్చలేదు. 2022లో సభ్యుల ఓటింగ్ తరువాత, 2023 జూన్‌లో విడుదలైన డెబియన్ 12 నుండి చేర్చింది. సూత్రానికీ వినియోగానికీ మధ్య ఘర్షణకు ఇది చక్కని ఉదాహరణ.

4. ఇబ్బందులు ఎదురయ్యే భాగాలు:
• వై-ఫై: ఇంటెల్ చిప్‌లకు మద్దతు సాధారణంగా బాగుంటుంది. బ్రాడ్‌కామ్ చిప్‌లు కొన్నింటికి డ్రైవర్‌ను విడిగా చేర్చుకోవాలి.
• గ్రాఫిక్స్: ఇంటెల్, ఏఎండీ డ్రైవర్లు కెర్నల్‌లోనే ఉన్నాయి. ఎన్విడియా 2022 మే నెలలో తన కెర్నల్ మాడ్యూళ్ల మూలసంకేతాన్ని విడుదల చేసినా, మిగిలిన డ్రైవర్ భాగాలు ఆ సంస్థ అధీనంలోనే ఉన్నాయి.
• నిద్రావస్థ: మూత వేసినా బ్యాటరీ తరిగిపోవడం కొన్ని కొత్త యంత్రాలలో కనిపిస్తుంది.
• డిస్కు: బయోస్‌లో ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అమరిక ఉన్నప్పుడు స్థాపన కార్యక్రమానికి డిస్కు కనిపించకపోవచ్చు.
• వేలిముద్ర పరికరం: అనేక నమూనాలకు నేటికీ డ్రైవర్ లేదు.

ఒకే మోడల్ పేరుతో అమ్మిన రెండు ల్యాప్‌టాప్‌లలో వేర్వేరు వై-ఫై చిప్‌లు ఉండవచ్చు. అందుచేత మోడల్ పేరు కన్నా చిప్ పేరే ప్రమాణం.

5. స్థాపనకు ముందు పరీక్ష:
లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుండే 'లైవ్' పద్ధతిలో నడిపి చూడవచ్చు. స్థాపనను ఎంచుకోనంతవరకు డిస్కులోని విండోస్ అలాగే ఉంటుంది. ఆ స్థితిలో వై-ఫై, ధ్వని, కెమెరా, ప్రొజెక్టరు అనుసంధానం, నిద్రావస్థ నుండి మేల్కొనడం వరుసగా పరీక్షించాలి. 'ఎల్‌ఎస్‌పీసీఐ' ఆదేశం చిప్‌ల పేర్లను తెలుపుతుంది. వై-ఫై పనిచేయకపోతే, మొబైల్ ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి దాని ఇంటర్నెట్‌ను పంచుకుంటే, కావలసిన ఫర్మ్‌వేర్‌ను దించుకోవచ్చు.

సిద్ధాంతగ్రంథం ప్రతిని ముందుగా మరొక చోట భద్రపరచడం తప్పనిసరి. అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు వ్యాసాలను విండోస్ ఉండగానే యూనికోడ్‌లోకి మార్చుకోవడం మేలు.

6. ముగింపు:
పాత ల్యాప్‌టాప్ ఆయుష్షును లినక్స్ పెంచగలదు. కానీ ఆ ఫలితం తయారీదారు పారదర్శకతపైనా, వినియోగదారుని ముందుజాగ్రత్తపైనా ఆధారపడుతుంది. మొదటిది పరిశోధకుని చేతిలో లేదు. రెండవదానికి ఒక పెన్‌డ్రైవ్, ఒక గంట సమయం చాలు. కళాశాలలు కొత్త కంప్యూటర్లు కొనేటప్పుడు లినక్స్ అనుకూలతను ఒక షరతుగా చేర్చితే, ఆ యంత్రాలు కంపెనీ మద్దతు ముగిసిన తరువాత కూడా విద్యార్థులకు ఉపయోగపడతాయి.