కావలివాడు సొమ్మసిల్లితే...

చాండ్లర్ నుంచి మాట్లాడుతున్నాను. ఈ వారం మెయిల్ సర్వర్ గురించి నాలుగు మాటలు. "మాకెందుకండీ ఈ గొడవ, జీమెయిల్ ఉందిగా" అనకండి. సొంత సర్వర్ నడుపుకునే సంఘాలు, చిన్న వ్యాపారాలు ఇంకా ఉన్నాయి.

అలాంటి ఒక సంఘం సర్వర్ని తీరిక వేళల్లో నేనే చూసిపెడుతుంటాను. ఒక శనివారం పొద్దున్నే పెద్దాయనొకరు ఫోన్ చేశారు. "బాబూ, విజయవాడలో మా అన్నయ్యకి ఆపరేషనని నిన్ననే మెయిలిచ్చార్ట. నాకిప్పుడొచ్చింది" అన్నారు. చూస్తే పదకొండు గంటల ఆలస్యం. ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ ముందురోజు అన్నయ్యతో మాట్లాడలేకపోయానన్న బాధ ఆయనకి మిగిలిపోయింది.

తప్పెక్కడుంది? మా సర్వర్లో స్పామ్ పట్టేది స్పామ్‌అసాసిన్. 2001లో జస్టిన్ మేసన్ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. ప్రతి మెయిలుకీ మార్కులేస్తుంది. మామూలుగా 5 వస్తే స్పామ్ కింద లెక్క. స్పామ్‌డీ అనే తల్లి ప్రాసెస్ కొన్ని పిల్ల ప్రాసెస్‌లని పెట్టుకుని ఈ పని చేయిస్తుంది. పిల్లలు మామూలుగా 5కి మించవు. పని తొందరగా అవుతుందని నేనే దాన్ని 20 చేశాను.

టాప్ కమాండ్‌తో చూస్తే ఒక్కో పిల్ల దాదాపు 100 మెగాబైట్లు తింటోంది. ఇరవైకి 2 గిగాబైట్లు. సర్వర్లో ఉన్నదే 1 గిగాబైటు! మెమరీ చాలక డిస్కు మీద పడింది. నాలుగు పొయ్యిల వంటింట్లో ఇరవైమంది వంటవాళ్ళు దూరితే ఒక్క కూరా ఉడకదు కదా. సర్వీసు ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. ఆగిన మెయిళ్ళన్నీ ఒక్కసారిగా మీదపడి, పది నిమిషాల్లో మళ్ళీ అదే పరిస్థితి.

అప్పుడు లెక్క కట్టాను. మిగతా పనులకి 400 మెగాబైట్లు వదిలేస్తే 600 మిగులుతాయి. అంటే ఆరుగురు పిల్లలు. జాగ్రత్తకి 5 పెట్టాను. ఫొటోల మెయిళ్ళ కోసం పెంచిన సైజు హద్దుని మళ్ళీ 500 కిలోబైట్లకి దించాను. బ్లాక్‌లిస్టుల జవాబుల కోసం పిల్లలు ఊరికే కాచుక్కూచోకుండా సర్వర్లోనే డీఎన్ఎస్ క్యాష్ పెట్టాను. పాత బేయెస్ లెక్కలు తుడిచే పని పగలు ఎప్పుడు పడితే అప్పుడు జరక్కుండా రాత్రి క్రాన్‌కి అప్పజెప్పాను.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. మెయిల్ని ఫిల్టర్‌కి అందించే స్పామ్‌సీ, జవాబు కోసం మామూలుగా 600 సెకన్లు ఎదురుచూస్తుంది. దాన్ని 60 చేశాను. ఆలోపు జవాబు రాకపోతే మెయిల్ని పరీక్షించకుండానే లోపలికి పంపేస్తుంది. నాలుగు స్పామ్‌లు వస్తే రానివ్వండి, చెరిపేసుకుంటాం.

ఇంకోమాట. స్పామ్ అనిపించినదాన్ని ఫోల్డర్లో వేయించండి, పారేయించకండి. భవిష్యత్తు తేదీలతో వచ్చే మెయిళ్ళని పట్టడానికి రాసిన ఒక నియమం, 2010 జనవరి 1 రాగానే మంచి మెయిళ్ళకి కూడా స్పామ్ మార్కులు వేసింది. ఫిల్టర్లూ పొరబడతాయి.

కావలివాడు సొమ్మసిల్లితే గేటుకి తాళం పడకూడదు. చుట్టం కబురు లోపలికి రావాలి.

సెలవు.