ఖాకీ వేస్తే యుద్ధానికి పట్టుకుపోతారా?

ఎన్.సి.సి. శిబిరాలపై పల్లెల్లో తీరని సందేహాలు

దాళ్వా కోతలు ముగిసి, కాలువలు కట్టేసి, ఊళ్లో పెళ్లి బాజాలు మోగే రోజులు. హైస్కూలు చదివే కుర్రాడు ఒక కాగితం పట్టుకొచ్చి తండ్రి ముందు నిలబడతాడు. పది రోజుల ఎన్.సి.సి. శిబిరానికి పంపడానికి అభ్యంతరం లేదని సంతకం కావాలట. కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. ఎవరో చదివి పెడతారు. ‘ఏదైనా ప్రమాదం జరిగితే’ అన్న మాట దగ్గరకు వచ్చేసరికి తల్లి గుండె గుభేలుమంటుంది. తండ్రి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఊళ్లో మిలటరీ చేసి వచ్చిన పెద్దమనిషి ఎక్కడున్నాడా అని బయలుదేరతాడు.

“హవల్దారుగారూ, దీని మీద సంతకం పెడితే మావాణ్ణి బోర్డరుకి పట్టుకుపోతారా అండి?”

“ఆయ్, అదేం లేదండి. బోర్డరుకి వెళ్లాలంటే దానికి వేరే పరీక్షలు, వేరే సంతకాలు ఉన్నాయండి. ఇది పొద్దున్నే లేపి పరుగెత్తించే బడి. అంతేనండి.”

పశ్చిమ గోదావరి జిల్లాలో ఏ ఊరి అరుగు మీదనైనా వినిపించే సంభాషణే ఇది. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం సంగతి వేరు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి సైన్యానికి కుర్రాళ్లను పంపుతూ ‘మిలటరీ మాధవరం’ అని పేరు తెచ్చుకున్న ఊరది. అక్కడ ఖాకీ బట్ట చూసి ఎవరూ కంగారు పడరు. మిగతా ఊళ్లలో మాత్రం ఈ భయం తరం తర్వాత తరానికి అందుతూనే ఉంది.

హవల్దారుగారు చెప్పింది నిజమే. జాతీయ క్యాడెట్ దళం 1948లో పార్లమెంటు చేసిన చట్టంతో పుట్టింది. దళంలో చేరినంత మాత్రాన సైనిక సేవ చేయవలసిన బాధ్యత ఎవరికీ ఉండదని ఆ చట్టమే చెబుతోంది. రెండేళ్లో మూడేళ్లో శిక్షణ పొంది, ఆ తర్వాత వ్యవసాయం చేసుకున్నా, కిరాణా కొట్టు పెట్టుకున్నా అడిగేవారు లేరు.

తాతల నాటి ముచ్చట

ఈ భయానికి పాత కారణం ఒకటి లేకపోలేదు. 1962లో చైనాతో యుద్ధం వచ్చింది. మరుసటి ఏడాది నుంచి కాలేజీల్లో మగపిల్లలకు ఎన్.సి.సి. తప్పనిసరి అయింది. ఇష్టం ఉన్నా లేకపోయినా బరువు బూట్లు తొడుక్కుని మైదానంలో నిలబడవలసిందే. ఆ రోజుల్లో కాలేజీ చదివి ఇప్పుడు ఎనభయ్యో పడిలో పడుతున్న పెద్దలను కదిపితే, ఎండలో సొమ్మసిల్లిన వారి కథలు, పెరేడ్ ఎగ్గొట్టడానికి పన్నిన ఉపాయాలు తీరిగ్గా చెబుతారు. 1968లో ఆ నిర్బంధం తీసేశారు. నాటి నుంచి నేటి వరకు ఇష్టపడినవారే చేరుతున్నారు. ఇష్టపడిన వారందరికీ చోటు దొరకకపోవడమే ఇప్పటి బాధ.

పాఠశాల పిల్లలు జూనియర్ విభాగంలో చేరతారు. మగపిల్లలది జూనియర్ డివిజన్, ఆడపిల్లలది జూనియర్ వింగ్. పన్నెండేళ్లు నిండాలి. రెండేళ్ల శిక్షణ తర్వాత ‘ఎ’ సర్టిఫికెట్ పరీక్ష ఉంటుంది. కాలేజీలో చేరినవారికి సీనియర్ విభాగం. అక్కడ రెండేళ్లకు ‘బి’, మూడేళ్లకు ‘సి’ పరీక్షలు. ఆడపిల్లలకు ప్రవేశం నిన్న మొన్న ఇచ్చింది కాదు. 1949లోనే వారి విభాగం మొదలైంది.

పది రోజులు ఎలా గడుస్తాయి?

శిబిరానికి వెళ్లే కుర్రాడి రేకు పెట్టెలో దుప్పటి, దోమతెర, కంచం, గ్లాసు, టార్చిలైటు, బూటు పాలిష్, తాళంకప్ప ఉండాలి. జాబితాలో లేకపోయినా ప్రతి పెట్టెలో కనిపించే వస్తువు ఇంకొకటి ఉంది. ఆవకాయ సీసా. మే నెల శిబిరమైతే కొత్త ఆవకాయే. మొదటి రోజు దాన్ని దాచుకుంటారు, రెండో రోజు పంచుకుంటారు, మూడో రోజుకి సీసా ఖాళీ.

తెల్లవారుజామునే ఈల మోగుతుంది. ఇంటి దగ్గర రెండుసార్లు కేకేస్తేగాని లేవని పిల్లవాడు పక్క చుట్టి, మొహం కడిగి, వరుసలో నిలబడాలి. ముందు వ్యాయామం, తర్వాత టిఫిను, ఆపైన డ్రిల్లు. శిబిరంలో పిల్లలను ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా కంపెనీలుగా విడదీస్తారు. డ్రిల్లు మాటలన్నీ హిందీలో ఉంటాయి. సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్, బాయే ముడ్, తేజ్ చల్, థమ్. హిందీ వాచకం పట్టుకుంటే నిద్రవచ్చే కుర్రాళ్లకు ఈ మాటలు రెండు రోజుల్లో కాళ్లకు వచ్చేస్తాయి. మొదటి రోజు ‘బాయే ముడ్’ అనగానే సగం మంది కుడికీ, సగం మంది ఎడమకీ తిరిగి ఒకరి మొహం ఒకరు చూసుకోవడం ప్రతి శిబిరంలోనూ మామూలే. నేర్పే హవల్దారులు సైన్యం నుంచి వచ్చినవారు. వారి కేక గట్టిది.

పిల్లలను నిజంగా ఏడిపించేది కేక కాదు, బూటు. చెప్పులకు, వట్టి పాదాలకు అలవాటు పడిన కాలికి కొత్త బూటు తొడిగితే రెండో రోజుకి మడమ బొబ్బలెక్కుతుంది. శిబిరానికి పది రోజుల ముందు నుంచే ఇంటి దగ్గర రోజుకో గంట బూట్లు తొడుక్కుని తిరగమని అనుభవం ఉన్నవారు చెబుతారు. ఈ చిన్న సలహా చాలామందికి చేరడం లేదు.

తుపాకీ సంగతి అందరూ అడుగుతారు. పిల్లల చేతికి ఇచ్చేది పాయింట్ 22 రైఫిలు. ముందు దాన్ని విప్పడం, తుడవడం, మళ్లీ బిగించడం నేర్పుతారు. గుండు లేకుండానే గురి చూడడం, ఊపిరి బిగబట్టడం సాధన చేయిస్తారు. ఆ తర్వాతే ఫైరింగ్ రేంజికి తీసుకువెళతారు. బోర్లా పడుకుని, 25 గజాల దూరంలోని కాగితపు బొమ్మ మీద కాల్చాలి. గుండు నడిబొడ్డున తగిలిందా లేదా అన్నది తర్వాతి సంగతి. అన్ని గుళ్లూ ఒకే చోట గుంపుగా పడ్డాయా అని ముందు చూస్తారు. చెయ్యి స్థిరంగా ఉన్నదీ లేనిదీ అక్కడ తెలిసిపోతుంది. కాల్చిన ప్రతి తూటా ఖాళీ గొట్టాన్నీ ఏరి లెక్క అప్పగించాలి. పక్కన నిలబడ్డ హవల్దారు అనుమతి లేకుండా వేలు కదపడానికి వీల్లేదు.

మధ్యాహ్నం పటం చదవడం, ప్రథమ చికిత్స, పాము కాటుకు, ఎండ దెబ్బకు ఏం చేయాలన్న పాఠాలు. సాయంత్రం ఆటలు. రాత్రి పాటలు, నాటికలు. వంతుల వారీగా రాత్రి కాపలా కూడా ఉంటుంది. గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడిన పద్నాలుగేళ్ల కుర్రాడు ఎంత పెద్ద అధికారి వచ్చినా ఆపి ‘ఎవరది?’ అని అడగాలి. పల్లెలో పెద్దవారి ఎదుట తలెత్తి మాట్లాడని పిల్లవాడికి ఆ రెండు గంటలు నేర్పే పాఠం ఏ పుస్తకంలోనూ లేదు.

ఆడపిల్లను ఎలా పంపడం?

ఈ ప్రశ్న వేసే తల్లిని తప్పు పట్టడానికి లేదు. ఆడపిల్లలకు బస వేరుగా ఉండాలి. వారితో మహిళా అధికారి గానీ, బాలికల శిక్షకురాలు గానీ తప్పక ఉండాలి. పిల్లలతో ఎవరు వస్తున్నారు, రాత్రి ఎవరు ఉంటారు అని పేరు పేరునా అడిగి తెలుసుకునే హక్కు తల్లిదండ్రులకు ఉంది. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం అక్కరలేదు.

మొహమాటం ఎందుకు పనికిరాదో 2024 ఆగస్టులో తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో బయటపడింది. ఒక ప్రైవేటు పాఠశాలలో ఎన్.సి.సి. పేరుతో శిబిరం పెట్టారు. అందులో బాలికలపై లైంగిక దాడి జరిగిందని కేసు నమోదైంది, అరెస్టులు జరిగాయి. ఆ బడికి అసలు ఎన్.సి.సి. యూనిట్ లేనే లేదని, శిబిరం నకిలీదని అప్పుడు తేలింది. ఖాకీ బట్టలు, ఈల, కేకలు చూసి అందరూ నమ్మేశారు.

అసలు శిబిరానికి బెటాలియన్ కార్యాలయం నుంచి రాతపూర్వకమైన ఉత్తరువు ఉంటుంది. బడిలో ఎన్.సి.సి. చూసే మాస్టారి దగ్గర దాని ప్రతి దొరుకుతుంది. ఆయన మాట మీద కూడా అనుమానం ఉంటే బెటాలియన్‌కు ఫోన్ చేయవచ్చు. వేసవి వస్తే చాలు, ‘కమాండో శిక్షణ’, ‘మిలటరీ సమ్మర్ క్యాంపు’ అని గోడల మీద కాగితాలు అంటించి వేలకు వేలు వసూలు చేసేవారు కనిపిస్తున్నారు. పిల్లలకు వ్యాయామం దొరికితే దొరకవచ్చు గాని, వారిచ్చే సర్టిఫికెట్‌కు సైన్యంలో విలువ లేదు.

ఒక్క శిబిరం తప్పితే

ఎన్.సి.సి.లో ఏళ్ల తరబడి పెరేడ్ చేసి చివరికి చేతికి ఏమీ దక్కని పిల్లలున్నారు. కారణం చిన్నది. పరీక్షకు కూర్చోవాలంటే పెరేడ్లకు 75 శాతం హాజరు ఉండాలి, శిబిరం చేసి ఉండాలి. ‘ఎ’కి ఒకటి, ‘బి’కి ఒకటి. ‘సి’ పరీక్ష నాటికి మరో శిబిరం పూర్తి కావాలి. శిబిరం తేదీలు పెళ్లిళ్ల రోజుల్లో పడితే, అక్క పెళ్లికి తమ్ముడు లేకపోతే ఎలాగని ఇంట్లో ఆపేస్తారు. మరుసటి ఏడు కోతలకు మనిషి చాలడం లేదని ఆపేస్తారు. ఆపినవారికి అది పది రోజుల సంగతి. పరీక్ష జాబితాలో పేరు లేదని తెలిసిన రోజున ఆ కుర్రాడికి అది మూడేళ్ల సంగతి.

ఆ కాగితానికి విలువ ఏమిటంటే, డిగ్రీలో 50 శాతం మార్కులు, ‘సి’ సర్టిఫికెట్‌లో కనీసం ‘బి’ గ్రేడు ఉన్న అవివాహితులు సైన్యంలో అధికారి కొలువుకు ఎన్.సి.సి. స్పెషల్ ఎంట్రీ కింద దరఖాస్తు చేయవచ్చు. మిగతావారు రాసే రాతపరీక్ష వీరికి ఉండదు. తిన్నగా ఎంపిక మండలి ముందు ఐదు రోజుల పరీక్షకు పిలుస్తారు. నెగ్గితే చెన్నైలోని అధికారుల శిక్షణ అకాడమీ. అమ్మాయిలకూ ఈ దారి ఉంది. చోట్లు కొద్దే, పోటీ గట్టిదే. 2022లో వచ్చిన అగ్నిపథ్ నియామకాల్లోనూ ఎన్.సి.సి. సర్టిఫికెట్లకు అదనపు మార్కులు కలుపుతున్నారు. పోలీసు కానిస్టేబుల్ నియామకాల్లో ఎన్.సి.సి. వారిని వేరుగా లెక్కిస్తారు. ఇంజనీరింగ్ ప్రవేశాల్లో 1 శాతం సీట్లు వీరికి ఉన్నాయి.

అయితే ఒక్క మాట. సర్టిఫికెట్ ఉన్నవారందరికీ ఉద్యోగం వచ్చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అది తలుపు దగ్గరకు తీసుకువెళుతుంది. లోపలికి వెళ్లడానికి ఒళ్లు, చదువు రెండూ కావాలి.

మాస్టారు బదిలీ అయితే

ఇంత ఉన్నా చాలా పల్లె హైస్కూళ్లలో ఎన్.సి.సి. లేదు. ఉన్నచోట సాధారణంగా జూనియర్ ట్రూపులో 100 మందికే స్థానం. రెండేళ్ల శిక్షణ గనుక ఏటా కొత్తగా చేరేది 50 మందే. పరుగు పెట్టించి, ఎత్తు చూసి, ఎంపిక చేస్తారు. దొరకనివారు మైదానం గట్టు మీద కూర్చుని చూస్తుంటారు.

2020 ఆగస్టు 15న ప్రధానమంత్రి సరిహద్దు, కోస్తా జిల్లాల్లో మరో లక్ష మంది క్యాడెట్లను చేర్చుకుంటామని, అందులో మూడో వంతు ఆడపిల్లలు ఉంటారని ప్రకటించారు. 2024లో దేశమంతటా మరో 3 లక్షల స్థానాలకు ఆమోదం వచ్చింది. స్థానాలు కాగితం మీద పెరిగితే చాలదు. వాటిని నడిపే ఉపాధ్యాయుడు కావాలి. మగ ఉపాధ్యాయులు నాగపూర్ దగ్గరి కామ్టీకి, మహిళలు గ్వాలియరుకు వెళ్లి వారాల తరబడి శిక్షణ పొందాలి. ఇల్లు, పిల్లలు, ట్యూషన్లు వదిలి అంత దూరం వెళ్లడానికి అందరూ ముందుకు రారు. వెళ్లివచ్చిన మాస్టారు మూడేళ్లకో నాలుగేళ్లకో బదిలీ అయిపోతే ట్రూపు దిక్కులేనిదవుతుంది. బూట్లు అలమారలో ముక్కిపోతాయి. ఇటువంటి మాస్టార్లను బదిలీ చేసేటప్పుడు ఎన్.సి.సి. ఉన్న బడికే పంపితే బాగుంటుంది.

ప్రభుత్వ ఖర్చుతో నడిచే యూనిట్లలో యూనిఫారానికి, శిబిరంలో భోజనానికి పిల్లల నుంచి డబ్బు తీసుకోరు. యూనిఫారం డబ్బు ఇప్పుడు పిల్లల ఖాతాలోనే వేస్తున్నారు. అందుకని చేరేముందే బ్యాంకు ఖాతా తెరవాలి. కొన్ని ప్రైవేటు విద్యాసంస్థల్లో మాత్రం ఖర్చంతా వారే పెట్టుకునే పద్ధతి ఉంది. ఏ పద్ధతిలో నడుస్తున్నదీ చేర్చేముందు అడగాలి. ప్రవేశాలు బడులు తెరిచిన కొత్తలోనే జరుగుతాయి. దసరాకు గుర్తొచ్చి వెళితే లాభం లేదు.

శిబిరం చివరి రోజు గేటు బయట తల్లిదండ్రులు చెట్ల కింద గుమిగూడతారు. లోపల ఆఖరి పెరేడ్ నడుస్తుంటుంది. అందరూ ఒకే ఖాకీలో, ఒకే టోపీలో ఉంటే తన కొడుకు ఎవడో తల్లికి ఒక పట్టాన దొరకడు. వరుసలు విడిపోయాక ఎండకు నల్లబడి, కాస్త చిక్కిన కుర్రాడొకడు రేకు పెట్టె మోసుకుంటూ బయటికి వస్తాడు. తండ్రి పెట్టె అందుకోబోతే ఇవ్వడు. ఆవకాయ సీసా కడిగి, మూత బిగించి, లోపల భద్రంగా పెట్టాడట.