'సంపూర్ణం' అనే మాటకు గణితంలో అర్థాలు

వాస్తవ విశ్లేషణలో 'వాస్తవ సంఖ్యా వ్యవస్థ సంపూర్ణం' అని చదివారు. గణిత తర్కంలో 'అంకగణితం అసంపూర్ణం' అనే వాక్యం ఎదురవుతుంది. సహజ సంఖ్యలన్నీ వాస్తవ సంఖ్యలే కదా, ఈ రెండూ ఎలా పొసగుతాయని మీకు సందేహం రావచ్చు. మాట ఒకటే, అది వర్ణించే వస్తువులు వేరు.

మొదటి అర్థంలో సంపూర్ణత సంఖ్యా సమితికి చెందిన ధర్మం. 1, 1.4, 1.41, 1.414, … అనే అనుక్రమాన్ని తీసుకోండి. పదాలన్నీ అకరణీయ సంఖ్యలే. పోనుపోను అవి ఒకదానికొకటి మనం కోరినంత దగ్గరవుతాయి. అంటే ఇది కోషీ అనుక్రమం. కాని దీని అవధి √2, అది అకరణీయ సంఖ్య కాదు. కనుక అకరణీయ సంఖ్యల సమితి అసంపూర్ణం. వాస్తవ సంఖ్యలలో ప్రతి కోషీ అనుక్రమానికీ అవధి ఆ సమితిలోనే ఉంటుంది. కొన్ని పుస్తకాలు దీనికి బదులు 'ఎగువ బద్ధం గల ప్రతి శూన్యేతర సమితికీ కనిష్ఠ ఎగువ బద్ధం ఉంటుంది' అంటాయి. క్రమ క్షేత్రంలో కోషీ నిర్వచనం నుంచి దీన్ని రాబట్టాలంటే ఆర్కిమెడీస్ ధర్మం కూడా కావాలి. పరీక్షల్లో చాలామంది వదిలేసే షరతు ఇదే.

రెండో అర్థంలో సంపూర్ణత స్వీకృతాలకు చెందినది. ఆ భాషలో రాయగల ప్రతి ప్రవచనాన్నిగాని, దాని వ్యతిరేకాన్నిగాని ఆ స్వీకృతాల నుంచి నిరూపించగలిగితే అవి సంపూర్ణం. పియానో స్వీకృతాలు విరోధరహితమైతే అవి ఇలాంటివి కావు. దీనికి మూలం 1931లో కర్ట్ గోడెల్ ప్రచురించిన ఫలితం. అదే గోడెల్ 1929లో 'సంపూర్ణతా సిద్ధాంతం' నిరూపించాడు. అక్కడ సంపూర్ణమైనవి తర్క నియమాలు: స్వీకృతాలు నిజమైన ప్రతి వ్యవస్థలోనూ నిజమయ్యే ప్రవచనాన్ని ఆ నియమాలతో నిరూపించవచ్చు. కాబట్టి ఆయన తన మాటను తానే ఖండించుకోలేదు.

మొదటి రెండు అర్థాలూ ఎంత వేరో చూపే ఉదాహరణ ఒకటి ఉంది. పూర్ణాంక గుణకాలు గల శూన్యేతర బహుపదులకు మూలాలయ్యే వాస్తవ సంఖ్యలను మాత్రమే తీసుకోండి. √2 ఇందులో ఉంది, π లేదు (లిండెమన్, 1882). 3, 3.1, 3.14, … అనే కోషీ అనుక్రమానికి ఇక్కడ అవధి లేదు గనుక ఈ క్షేత్రం అసంపూర్ణం. అయినా కూడిక, గుణకారం, క్రమం గురించి ఇందులో నిజమయ్యే ప్రవచనాలకు టార్‌స్కీ సంపూర్ణమైన స్వీకృతాలనే ఇచ్చాడు. పైగా, వాస్తవ సంఖ్యలకూ అవే సరిపోతాయి!

మీ ప్రగతిని పరీక్షించుకోండి: వివృతాంతరం (0, 1) సాధారణ దూరంతో సంపూర్ణమా? 1/2, 1/3, 1/4, … అనుక్రమాన్ని పరిశీలించి సమాధానం రాయండి.