ఇసుకనేలలో బోరు దింపుట: అందలి చిక్కులు

తుపాకిగొట్టమును నడుమ తొలుచు పనివాడు తన కంటికి గానరాని చోట పనిచేయును. లోపల బరమామొన యేమి చేయుచున్నదో యతనికి దెలియు మార్గ మొక్కటే. బరమా నడుమనుండి లోనికి బంపిన నూనె లోహపు పొట్టును గొని వెలుపలికి వచ్చును. దానిని జూచి తెలిసికొనవలెను. పొట్టు రాక నిలిచెనా, బరమా విఱుగును. మన నెల్లూరు తీరమున నిసుకలో బోరు దింపువారి పనియు నిట్టిదే. నూనెకు మాఱు నీరు, పొట్టునకు మాఱు ఇసుక. పైకి వచ్చు నీటిని గుర్తెఱిగిన వానికే బోరు లొంగును.

ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు ప్రాంతముల ఒండ్రునేలలో ఇసుకపొరలును జిగటమంటి పొరలును నొకదానిపై నొకటి యుండును. గొట్టముగుండ బలముగ బంపిన నీరు ఇసుకను గదలించి, గొట్టపు వెలుపలి సందున మోసికొని వచ్చును. పనివారు భోజనవేళ పంపు నాపుదురు. అంతట నడిమార్గమున నున్న ఇసుక దిగజాఱి గొట్టమును బిగబట్టును. మిక్కిలి తఱచు చిక్కు ఇదియే. తేటనీరు వచ్చువఱకు నడపి, పిమ్మట నాపిన నీ బాధ లేదు. బిగిసినపుడు బలిమిమై ద్రిప్పినచో అతుకు తెగును. మరల నీటిని బంపుచు మెల్లగా నటునిటు గదల్పవలెను.

పైకి వచ్చు నీరు హఠాత్తుగా తగ్గెనేని, ముతక ఇసుకపొర దానిని ద్రాగుచున్నదని యర్థము. రంధ్రమున నీరు నిండుగ లేనిచో గోడలు కూలును. అపుడు మెత్తని బంకమన్ను కలిపిన నీటిని బంపుదురు. కొందఱు పేడనీళ్లు వాడుదురు. పెద్దలు వాడిరి గదా యని త్రాగునీటి బోరులో పేడ పోయుట నాకు సమ్మతము గాదు. ఇక వంకర యనునది మొదటి గొట్టముతోడనే పుట్టును. తాపీవాని తూకపుగుండు అప్పుడే పట్టవలెను.

ఇంత చక్కగా దింపిన బోరును ఉప్పుబోరు కావచ్చును. మైపాడు వంటి తీరములందు దిబ్బలలో చెలమ తీసిన తియ్యని నీరూరును. అది వాననీరు, తేలికయగుటచే ఉప్పునీటిపై దేలియుండును. 19వ శతాబ్ది చివర హాలండు దేశపు బాడన్ గైబెనును, 1901లో జర్మనీదేశపు హెర్జ్‌బర్గును దీనికి లెక్క గట్టిరి. మంచినీటి మట్టము సముద్రమట్టమునకు 1 అడుగు ఎత్తున నున్నచో, క్రింద సుమారు 40 అడుగులవఱకు మంచినీ రుండును. జిగటపొరలున్న చోట లెక్క మాఱును గాని, భయము తీఱదు. పంపు బలమున నా మట్టమును 1 అడుగు దించితిమా, ఉప్పునీరు కాలక్రమమున 40 అడుగులు పైకి రాజూచును. కావున "నీరు చాలలేదు, ఇంకొక 20 అడుగులు దింపుడు" అను సలహా యిచ్చట మిక్కిలి ప్రమాదకరము. ఒక్క పెద్ద పంపుకంటె దూరదూరముగ నాలుగు చిన్న ఫిల్టరు బోరులు మేలు.

ప్రతి ఇసుకపొరయందును పరీక్ష చేయవలెను. పైకి వచ్చు నీటిని నోట బోసికొని తియ్యన యనుట వట్టి భ్రమ. అది మనము పోసిన నీరే! దానిని తోడివైచి, పొరనుండి యూరిన నీటిని విద్యుద్వాహకతను గొలుచు చిన్న పరికరముతో జూడవలెను. ఉప్పు తగిలెనేని, అడుగుభాగమును బంకమంటితో బూడ్చి, పైపొరలో ఫిల్టరు నిలుపవలెను.

విడిచిపెట్టిన ఉప్పుబోరు సంగతి వేఱు. గొట్టము పెఱికికొని, నోటిపై రాయి పెట్టి పోవువారు కలరు. పొరుగువాని పంపు నడచినపుడు ఆ దారినే యుప్పు పైపొరకెక్కి యతని వరిమడికిని, త్రాగు బిందెకును జేరును. అట్టి రంధ్రమును అడుగునుండి పైదాక బంకమంటితో గట్టిగ బూడ్వవలెను. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ననుసరించి క్రొత్త బోరునకు అనుమతి కావలెను. ఆ పత్రముతోబాటు, ఎన్ని యడుగుల యొద్ద నే మన్ను వచ్చినదో, ఎచ్చట నుప్పు తగిలినదో పనివానిచే పంపుకొట్టము గోడమీద వ్రాయించుడు.