డబ్బాల పొడి కన్నా ముందు క్యాప్సూల్

పిల్లాడు బక్కగా కనిపిస్తే చాలు, మన ఇళ్లలో సలహాలకు కొదవుండదు. ఫలానా పొడి పాలలో కలిపి పట్టండి, నెల తిరిగేసరికి బుగ్గలొస్తాయి అంటారు. మా అక్క కొడుక్కి ఆరేళ్లు. వాడికి సిస్టిక్ ఫైబ్రోసిస్. ఆ పేరు మాకు తెలిసేలోపే అక్క మూడు రకాల పొడులు పట్టేసింది. బరువు మాత్రం కదల్లేదు.

నేను డాక్టర్ని కాను, రోజంతా కోడ్ రాసుకునేవాణ్ని. ప్రోగ్రాం ఆగితే ఎక్కడ ఆగిందా అని వెతకడం అలవాటు. ఇక్కడ ఆగేది క్లోమం దగ్గర. ఏడో క్రోమోజోమ్ మీదున్న సీఎఫ్‌టీఆర్ జన్యువు అమ్మ నుంచీ, నాన్న నుంచీ కూడా లోపంతో వస్తే ఒంట్లో ఉప్పు, నీళ్ల రాకపోకలు దెబ్బతింటాయి. ఊపిరితిత్తుల్లో, క్లోమంలో ద్రవాలు జిగురులా చిక్కబడతాయి. క్లోమం గొట్టాలు పూడుకుపోయి, కొవ్వును అరిగించే లైపేజ్ పేగులోకి చేరదు. అప్పుడు ఎంత నెయ్యి పోసినా జిడ్డు విరేచనంగా పోవడమే.

అందుకే ఇలాంటి పిల్లల్లో ఎక్కువమందికి మొదట కావాల్సింది ఎంజైమ్ క్యాప్సూల్. దాన్ని పంది క్లోమం నుంచి తయారుచేస్తారు (ఈ సంగతి మా నాయనమ్మకు ఎవరూ చెప్పలేదు). లోపలి చిన్న చిన్న పూసల మీద ఒక పూత ఉంటుంది. అది కడుపులోని ఆమ్లాన్ని తట్టుకుని పేగులో కరుగుతుంది. నమిలితే పూత పోతుంది, నోరు పుండవుతుంది. మింగలేని పసివాళ్లకు క్యాప్సూల్ విప్పి చెంచాడు ఆపిల్ గుజ్జులో ఇస్తారు. వేడి అన్నంలోనో పాలలోనో కలపకూడదు. మా అమ్మ మొదట్లో మిగతా మాత్రల్లాగే భోజనమయ్యాక వేసేది. తినడం మొదలుపెట్టేటప్పుడే వెయ్యాలి. డోసు లెక్క కిలో బరువుకు రోజుకు 10,000 లైపేజ్ యూనిట్లు దాటకూడదు, దాటితే పెద్దపేగుకే ముప్పు. కాబట్టి సొంతంగా పెంచడాలు వద్దు.

ఎంజైమ్ సరిపోతే కొవ్వుకు భయపడక్కర్లేదు. ఒకప్పుడు ఈ పిల్లలకు కొవ్వు తగ్గించి పెట్టేవారు. టొరంటోలో మాత్రం ఎంజైములు పెంచి, కొవ్వున్న తిండి ధారాళంగా పెట్టారు. 1988లో బోస్టన్‌తో పోల్చిచూస్తే టొరంటో రోగుల మధ్యస్థ ఆయుర్దాయం 30 ఏళ్లు, బోస్టన్‌లో 21. ఊపిరితిత్తుల పనితీరు రెండుచోట్లా ఇంచుమించు ఒకటే!

మరి పొడుల సంగతి? బ్రిటన్‌లో 102 మంది పిల్లల మీద ఏడాదిపాటు పరీక్షించి 2006లో ఫలితం ప్రకటించారు. మామూలు సలహా, వైద్యంతోపాటు ప్రొటీన్-క్యాలరీ సప్లిమెంట్ తాగినవాళ్లకు అదనంగా ఒళ్లేమీ రాలేదు. బాగా చిక్కిపోయిన పిల్లల సంగతి వేరు, అది డాక్టరు చూసుకుంటారు. కానీ మామూలుగా అయితే ఆ డబ్బు గుడ్లకీ, పల్లీలకీ, మీగడ పెరుగుకీ పెట్టడం మేలని నా అభిప్రాయం.

కొవ్వులో కరిగే ఎ, డి, ఇ, కె విటమిన్లు విడిగా వెయ్యాల్సిందే. ఇంకోటి ఉప్పు. 1948లో న్యూయార్క్ వడగాడ్పులకు పడిపోయిన పిల్లల్లో ఈ జబ్బున్నవాళ్లు ఎక్కువగా కనిపించారు. చెమటలో ఉప్పు విపరీతంగా పోతుందని ఆ దారిలోనే తెలిసింది. ఇక మన మే నెల గురించి చెప్పాలా? ఎండాకాలం వాడికి ఎంత ఉప్పు అదనంగా ఇవ్వాలో అక్క మార్చిలోనే డాక్టర్ని అడిగి రాసుకుంటుంది.

వాడి స్కూల్లో మందులు తేకూడదని రూలు. పుట్టినరోజు కేకు తిన్నా క్యాప్సూల్ కావాలి మరి. డాక్టరు రాసిచ్చిన ఉత్తరం చూపించాక, టీచరు తన సొరుగులో ఒక సీసా పెట్టుకున్నారు.